లండన్ నుంచి ఓల్నీ దాకా: పాత బైబిల్ వ్యాఖ్యానాల వెంట

పాత బైబిల్ వ్యాఖ్యానాల మీద, బానిసత్వ వ్యతిరేకోద్యమం మీద ఆసక్తితో ఇంగ్లండు వెళ్లేవారికి లండన్‌లోని వెస్లీ ప్రార్థనాలయం, బకింగ్‌హామ్‌షైర్‌లోని ఓల్నీ పట్టణం రెండూ చూడదగినవే. ఒక్కదానికే వ్యవధి ఉంటే మాత్రం నా ఓటు ఓల్నీకే.

సిటీ రోడ్డులో 1778లో ప్రారంభమైన వెస్లీ ప్రార్థనాలయానికి ఓల్డ్ స్ట్రీట్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లవచ్చు. నేలమాళిగలో మ్యూజియం, పక్కనే మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ 1791లో కన్నుమూసిన ఇల్లు ఉన్నాయి. చనిపోవడానికి వారంలోపే ఆయన, పార్లమెంటులో బానిస వ్యాపారాన్ని ఎదిరిస్తున్న విలియం విల్బర్‌ఫోర్స్‌కు, ఆ పోరు ఆపవద్దని ఉత్తరం రాశాడు. నాకైతే ఆ ఉత్తరం కన్నా 1755 నాటి ఆయన కొత్త నిబంధన వ్యాఖ్యానమే గొప్పగా తోచింది. తిమోతికి రాసిన మొదటి పత్రికలో (బైబిల్లోని ఒక లేఖ) మనుష్యచోరుల, అంటే మనుషుల్ని ఎత్తుకుపోయేవారి, ప్రస్తావన వచ్చినచోట, వీరితో పోలిస్తే దారిదోపిడీగాళ్లు, కన్నపు దొంగలు నిర్దోషులేనని రాసి, మరి నల్లవారిని అమ్మే వర్తకుల మాటేమిటని అడిగాడు. ఆ చుట్టుపక్కల బస మాత్రం ఖరీదెక్కువ. మా గది శుభ్రంగానే ఉన్నా, పెట్టె తెరిస్తే కాలు పెట్టే చోటు మిగలలేదు.

ఓల్నీకి రైలు లేదు కనుక మిల్టన్ కీన్స్‌లోనో బెడ్‌ఫర్డ్‌లోనో దిగి బస్సు పట్టుకోవాలి. ‘అమేజింగ్ గ్రేస్’ కీర్తన రాసిన జాన్ న్యూటన్ 1764 నుంచి 1780 దాకా ఇక్కడి చర్చిలో గురువు. మారుమనస్సు పొందిన తరువాత కూడా బానిస ఓడలకు కప్తానుగా పనిచేసి, 1754లో జబ్బు చేసి సముద్రం మానుకున్నాడే తప్ప మనస్సాక్షి గుచ్చి కాదు. ఆ వ్యాపారాన్ని ఖండిస్తూ పుస్తకం అచ్చువేసింది 1788లో. సరిగ్గా ఆ ఏడాదే, ఓల్నీలో ఆయన తరువాత గురువుగా ఉండి వెళ్లిన థామస్ స్కాట్ తన బైబిల్ వ్యాఖ్యానాన్ని భాగాలుగా వెలువరించడం మొదలుపెట్టాడు. స్కాట్ బోధలకు రుణపడ్డానన్న మిషనరీ విలియం కేరీ బెంగాల్‌లో నడిపిన శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచే 1818లో తెలుగు కొత్త నిబంధన వచ్చింది.

చర్చి ఆవరణలో ఉన్న న్యూటన్ సమాధి మీద ఆయన తానే రాసుకున్న మాటలున్నాయి: ఒకప్పటి అవిశ్వాసి, ఆఫ్రికాలో బానిసలకు సేవకుడు. కప్తాను పని ఊసే లేదు! కవి కౌపర్ ఇంట్లోని మ్యూజియం చక్కగా ఉంది. చలికాలంలో వెళ్లేవారు తెరిచే రోజులు ముందుగా విచారించుకోవాలి. మేం దిగిన సత్రంలో కింది అంతస్తు సందడికి రాత్రి నిద్ర ఆలస్యమైంది గానీ, పొద్దుటి ఫలహారానికి వంక పెట్టలేము. స్కాట్ పాత సంపుటాలు కొనదలచినవారు అట్టల తోలు ఎర్రటి పొడిగా రాలుతోందేమో వేలితో తడిమి చూడాలి, విమానంలో సామాను తూకం కూడా లెక్కవేసుకోవాలి.