మెరిసే పెయింట్ చూసి పాత మౌంటెన్ బైక్ కొనకండి, నాకు జరిగింది చదవండి

బే ఏరియాలో పాత మౌంటెన్ బైక్, అంటే కొండదారుల్లో తొక్కే సైకిల్, వెతుకుతున్న మనవాళ్లకోసం రాస్తున్నాను. మూడు వారాల కింద 350 డాలర్లు పోసి 1990ల నాటి స్టంప్‌జంపర్ కొన్నాను. పెద్ద ఎత్తున తయారైన మొదటి మౌంటెన్ బైక్‌గా 1981లో వచ్చిన మోడల్ అది. స్టీలు ఫ్రేమ్‌ది ఒకటి నా చేతులతో బాగుచేసుకోవాలని ఎన్నాళ్ల కోరికో.

ఎర్ర రంగు అద్దంలా మెరుస్తోంది. సీటు దించబోతే "కాస్త టైటుగా ఉంది, నూనె చుక్క వేస్తే వచ్చేస్తుంది" అన్నాడు అమ్మినతను. నమ్మాను.

ఇంటికొచ్చి బోల్టు పూర్తిగా ఊడదీసినా సీట్ పోస్ట్ (సీటును మోసే కడ్డీ) వెంట్రుకవాసి కదల్లేదు. స్టీలు గొట్టంలో అల్యూమినియం పోస్ట్ గ్రీజు లేకుండా ఏళ్లతరబడి తడుస్తూ ఉంటే, అల్యూమినియం తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడికి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు కావాలి. అందుకే సిమెంటు పోసినట్టు పట్టేస్తుంది. వేడిచేయమని చాలామంది చెప్తారు, చేయకండి. వేడికి స్టీలు కన్నా అల్యూమినియమే ఎక్కువ ఉబ్బుతుంది. నాలుగు రాత్రులు నూనె పోసి, చివరికి పోస్ట్ పైభాగం కోసేసి, హ్యాక్సా బ్లేడుతో లోపలినుంచి నిలువునా కోస్తూ ముక్కలుగా లాగాను. ఫ్రేమ్ తిరగేస్తే గుప్పెడు తుప్పు రాలింది.

అనుమానమొచ్చి ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి గొట్టాల వెంట జరిపాను. పెడళ్ల ఇరుసుకు కాస్త పైన, రెండంగుళాల మేర పట్టు దొరక్క టప్పున కింద పడింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే రంగు కింద లప్పం. లప్పం కింద సగం గొట్టం చుట్టూ పగులు! ఆ బండి మీద మా అబ్బాయి కొండ దిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది.

అమ్మినతనికి ఫోటోలు పంపితే నన్ను బ్లాక్ చేశాడు. నిన్న అదే గరాజ్ ముందు తీసిన ఫోటోలతో ఇంకో పాత బండి అమ్మకానికి పెట్టాడు, ఈసారి ఆకుపచ్చది.

చూడ్డానికి వెళ్లేటప్పుడు బోల్టులు తిప్పే అలెన్ కీలు, చిన్న అయస్కాంతం జేబులో వేసుకోండి. సీట్ పోస్ట్, హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ను బండికి పట్టి ఉంచే భాగం) రెండూ మీ ఎదుట కదిలాకే డబ్బులివ్వండి. గీతలు పడ్డ పాత పెయింట్ నయం, పగులుంటే కంటికి కనబడుతుంది. బండిని తిరగేసి అడుగున ఫ్రేమ్ నంబరు కూడా చూడండి. అది రంగు కింద పూడిపోయి ఉంటే బేరమాడకుండా వచ్చేయండి.