ఇసుక మేట తీసే 'ప్యాకేజీ' వాళ్లతో జాగ్రత్త

ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు స్వర్ణముఖి పక్కన కయ్యలున్నోళ్లు ఇది తప్పక చదవండి. 2021 నవంబరు వరదలు చూసినోళ్లకు మేట అంటే, అదే వరద పొలంలో వదిలిపోయే ఇసుక పొర అంటే, ఏంటో నేను చెప్పక్కర్లేదు. ఏరు తగ్గీ తగ్గకముందే ఊళ్లోకి ఒకాయన దిగుతాడు. "అన్నా, జేసీబీ మాదే, చదును చేసేదీ మేమే, గవర్నమెంటు డబ్బులు ఎకరాకు పాతిక వేలు మీ ఖాతాలో పడేట్టు చూసేదీ మేమే" అంటాడు. మా చిన్నాయన అడ్వాన్సు ఇచ్చాడు. రసీదు అడిగితే తెల్ల కాగితం మీద ఫోన్ నంబరు రాసిచ్చారు, అంతే.

మరుసటి రోజే మిషను దిగింది. ఇసుకతోపాటు కింద ఉన్న మంచి మన్ను కూడా గీకి టిప్పర్లకెత్తారు. గెనాలు, అంటే పొలం గట్లు, తెగ్గొట్టారు. తర్వాత నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్లు పొలం చూసి "మేట ఏదీ?" అన్నారు. చూపించడానికి ఏముంది? నష్టం జాబితాలో చిన్నాయన పేరు ఎక్కలేదు. ఆ నంబరు స్విచ్ఛాఫ్.

అసలు లెక్క ఇదీ. 2022-23 నుంచి 2025-26 దాకా కేంద్రం ఇచ్చిన విపత్తు సాయం నిబంధనల ప్రకారం, మేట 3 అంగుళాలకు మించి ఉందని అధికారి ధ్రువీకరించాలి. అప్పుడు హెక్టారుకు 18,000. ఎకరాకు 7,300 కూడా రాదు. మరీ తక్కువ భూమి ఉన్నా రైతుకు 2,200కు తగ్గదు. ఏరు దారి మారి నేలే కొట్టుకుపోతే హెక్టారుకు 47,000, అదీ సన్న, చిన్నకారు రైతులకే, రెవెన్యూ రికార్డులో భూమి వాళ్ల పేరున ఉంటేనే. పంట నష్టం వేరే పద్దు. పాతిక వేలన్న మాట ఎక్కడిదో ఆ పెద్దమనిషికే తెలియాలి. పైగా జేసీబీ గంట రేటుతో చూస్తే ప్రభుత్వం ఇచ్చేది దేనికీ చాలదు. ఆ కోపం వేరే ఉంది, ఇంకోసారి రాస్తా.

కొలిచేదాకా పొలంలోకి మిషను దింపొద్దు. మేటలో కర్ర గుచ్చి, పక్కన టేపు పెట్టి, సర్వే నంబరు రాయి కనపడేలా ఫోటోలు తీసుకోండి. ఊరి సచివాలయంలో వీఆర్వోకి, వ్యవసాయ సహాయకుడికి అర్జీ ఇచ్చి నకలు మీద సంతకం పెట్టించుకోండి. జాబితాలో పేరు రాయడానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. వన్‌బీ (భూమి మీ పేరున ఉందని చూపే రెవెన్యూ కాగితం), ఆధార్ లింకున్న బ్యాంకు ఖాతా సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

ఇంకోటి, ఇసుక ఊరికే పోయేది కాదు. వాళ్లు తోలుకుపోయిన దానికి డబ్బులొస్తాయి, మనమేమో కూలి కూడా ఇస్తున్నాం! దారిలో టిప్పర్ పట్టుబడితే ఇసుక ఎవరి పొలంలోదని మొదట అడుగుతారు.

ఇప్పుడా మనిషి నాయుడుపేట వైపు తిరుగుతున్నాడని విన్నాం. మీ ఇంటికొచ్చి అడ్వాన్సు అడిగితే, అతని ఎదురుగానే వీఆర్వోకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టండి.