అసర్ పరీక్ష కాగితం బడిలో ఎంతవరకు పనికొస్తుంది?

పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే సర్వే అసర్. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టిన ఈ సర్వే అంకెలు పేపర్లో పడినప్పుడల్లా టీచర్ల గ్రూపుల్లో నాలుగు రోజులు గొడవ నడుస్తుంది. ఆ అంకెలు ఏ కాగితం మీంచి వచ్చాయో చూసినవాళ్లు మాత్రం తక్కువ. చదువుకు ఒక పేజీ, లెక్కలకు ఒక పేజీ, అంతే. తెలుగులోనూ ఉంది. అసర్ వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దింపుకోవచ్చు. ఊళ్లలో వాలంటీర్లు ఇంటింటికీ పట్టుకెళ్లడానికి చేసిన కాగితం కాబట్టి వాడడం తేలిక. దాన్నే తరగతి గదిలోకి తెచ్చుకుంటే ఏం దొరుకుతుంది, ఏం జారిపోతుంది అన్నదే ఇక్కడ చూసేది.

ముందు వాడే పద్ధతి. చదువు పేజీలో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. మొదలుపెట్టేది అక్షరాల దగ్గర కాదు, పేరా దగ్గర. నిదానంగా చదివినా ఫర్వాలేదు, కానీ మాటమాటకీ ముక్కలు చేయకుండా వాక్యంలా చదవాలి. తప్పులు మూడుకు మించకూడదు. అలా చదివితే కథ ఇస్తాం, లేకపోతే పదాలకు దిగుతాం. అక్కడ ఐదింటికి నాలుగు రావాలి. అవీ రాకపోతే అక్షరాలు, మళ్లీ ఐదుకు నాలుగు. లెక్కల పేజీ తీసివేతతో మొదలవుతుంది. అప్పు తెచ్చుకోవాల్సిన రెండంకెల లెక్కలు రెండు ఇస్తాం, రెండూ సరిగ్గా చేస్తేనే భాగహారం. చేయలేకపోతే 10 నుంచి 99 లోపు సంఖ్యలు, అవీ తెలియకపోతే 1 నుంచి 9.

మధ్యలోంచి మొదలుపెట్టే ఈ ఏర్పాటు మంచిది. కథ చదవగలిగే పిల్లతో అ ఆలు చదివించి టైము పాడు చేసుకోనక్కర్లేదు. ఒక్కొక్కరికీ పది నిమిషాలు చాలు. ఐదో తరగతిలో పేరా దగ్గరే ఆగిన ఆరుగురిని, మూడో తరగతిలో అదే మెట్టు మీద ఉన్న నలుగురితో కలిపి కూర్చోబెట్టాలనుకుంటే ఈ కాగితం ఒక్కటీ సరిపోతుంది. అంతవరకు దీనికి వంక పెట్టలేం.

చిక్కు అక్కణ్నుంచి మొదలవుతుంది. కాగితం బిడ్డ ఏ మెట్టు మీద ఆగిందో చెబుతుంది, ఎందుకు ఆగిందో చెప్పదు. ఆ ఎందుకు అన్నది తప్పులోనే ఉంటుంది. ఫారంలో తప్పు రాసే చోటే లేదు.

'రాత్రి' అన్న ఒక్క మాట తీసుకోండి. (ఇక్కడి మాటలూ లెక్కలూ కాగితంలోవి కావు, విడిగా ఎంచుకున్నవి.) ఒక బిడ్డ 'రాతి' అంటుంది. ఇంకో బిడ్డ 'రాతిర' అంటుంది. మూడో బిడ్డ 'రాత్తిరి' అంటుంది. మూడూ తప్పుల లెక్కలోనే పడతాయి, కానీ మూడూ మూడు వేరే సంగతులు. 'రాతి' అన్న బిడ్డకు కింద ఉన్న ఒత్తు కంటికి ఆనలేదు, లేదా ఆనినా ఏం చేయాలో తెలియక వదిలేసింది. 'రాతిర' అన్న బిడ్డకు త తెలుసు, గుడి తెలుసు, ర ఒత్తూ తెలుసు. కనిపించిన వరసలో తి అని, తర్వాత ర అని చదివింది. మన లిపిలో గుడి త మీద కూర్చుంటుంది గానీ పలకాల్సింది కింద ఉన్న ర తర్వాత. ఈ మెలిక ఎవరూ విప్పి చెప్పకపోతే 'శక్తి' కూడా 'శకిత' అవుతుంది, 'మంత్రి' కూడా 'మంతిర' అవుతుంది. ఇక 'రాత్తిరి' అన్న బిడ్డ అసలు తప్పే చదవలేదు. మాట పట్టుకుంది, అర్థం పట్టుకుంది, ఇంట్లో ఎలా అంటారో అలా అంది. 'వచ్చాడు' అని ఉన్నచోట 'వచ్చిండు' అని చదివే తెలంగాణ పిల్లలదీ ఇదే సంగతి. పైకి చదివేటప్పుడు పడే ఇలాంటి తేడాలను అమెరికాలో కెన్నెత్ గుడ్‌మన్ 1960లలోనే విడిగా విశ్లేషించాడు. అర్థాన్ని చెడగొట్టే తేడాను, చెడగొట్టని తేడాను ఒకే గాట కట్టకూడదన్నది ఆ పద్ధతిలోని కీలకం. పేరాలో మూడు తప్పుల హద్దు వాడేటప్పుడు యాస మార్పులను లెక్క నుంచి తీసేయాలి. లేకపోతే బాగా చదివే బిడ్డ ఒక మెట్టు కిందికి జారిపోతుంది.

అక్షరాలకూ పదాలకూ మధ్య ఈ కాగితం పెద్ద అంగ వేసింది. గుణింతాలకు గానీ ఒత్తులకు గానీ విడిగా మెట్టు లేదు. తెలుగులో పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది సరిగ్గా అక్కడే. 'నేల'ను 'నెల' అని, 'కోన'ను 'కొన' అని చదివే బిడ్డకు అక్షరాలన్నీ వచ్చు, ఎత్వానికీ ఒత్వానికీ దీర్ఘం చేరిందో లేదో చూడడం రాదు. అలాంటి పిల్లను అక్షరాల గుంపులో వేసి మళ్లీ వర్ణమాల దిద్దిస్తే నెల రోజులు గాలికి పోయినట్టే. ఠ, ర కలిపేసే బిడ్డ సంగతి వేరు. అది కంటి తికమక, రెండూ పక్కపక్కన పెట్టి చుక్క చూపిస్తే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది.

పైకి చదివించడం తప్ప రాయించడం ఇందులో లేదు. అదీ లోటే. 'ఆవు' రాయమంటే 'ఆమ' లాంటిది రాసే పిల్లలుంటారు. చూడగానే ఎర్ర సిరాతో కొట్టేస్తాం. కాస్త ఆగి చూస్తే, వ పక్కన మామూలుగా కొమ్ము పెడితే అది మ లాగే తయారవుతుంది. అందుకే వు, పు రాసేటప్పుడు కొమ్మును కిందినుంచి లాగుతాం. ఆ బిడ్డకు శబ్దం తెలుసు, కొమ్ము తెలుసు, అది కుడిపక్కన వస్తుందనీ తెలుసు. మినహాయింపు ఒక్కటే తెలియదు. ఇది తెలివిగల తప్పు, రెండు నిమిషాల్లో తీరుతుంది.

లెక్కల పేజీ దగ్గర నా మార్కులు ఇంకా తక్కువ. 52−38 వేయమంటే 26 అన్న బిడ్డా, 24 అన్న బిడ్డా ఫారంలో ఒకే గడిలో పడతారు. 26 అన్న బిడ్డ ఒకట్ల స్థానంలో పైనా కిందా చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది: 8లోంచి 2, 5లోంచి 3. 24 అన్న బిడ్డ అప్పు తెచ్చుకుంది, 12లోంచి 8 తీసింది, పదుల్లో 5ను 4 చేయడం మరిచింది. మొదటి బిడ్డకు పుల్లల కట్టలతో స్థానవిలువ దగ్గర్నుంచి చెప్పాలి. రెండో బిడ్డకు కొట్టేసి పైన 4 రాయడం అలవాటు చేస్తే చాలు. 15 అన్న బిడ్డ పద్ధతి సరే, వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టేటప్పుడు మొదలుపెట్టిన అంకెనూ కలిపేసుకుంది.

ఇలాంటి తప్పులు గాల్లోంచి ఊడిపడవని, పిల్లలు తప్పుడు నియమాన్ని శ్రద్ధగా పాటించడం వల్లే వస్తాయని బ్రౌన్, బర్టన్ అనే పరిశోధకులు 1978లో తీసివేత లెక్కల మీదే చూపించారు. అయితే నియమం అవునో కాదో తేలాలంటే రెండు లెక్కలు చాలవు. ఇంకో మూడు కలపండి. 70−34కు 44 వస్తే పెద్దదాంట్లోంచి చిన్నది తీసే అలవాటు ఖాయం. 46 వస్తే అప్పు తీర్చలేదు. 40 వస్తే సున్నాలోంచి ఏం తీసినా సున్నాయే అనుకుంటోంది. 85−23కు అప్పు అక్కర్లేదు, అయినా 512 అని రాసేవాళ్లుంటారు: ఎప్పుడూ అప్పు తేవాలనుకుని 15లోంచి 3 తీసి 12 కింద దించేశారు. 503−286కు 317 వస్తే సున్నాను 9 చేసింది గానీ వందల్లో 5ను ముట్టుకోలేదు. అసర్ తీసివేతలు రెండంకెలవే కాబట్టి మధ్యలో సున్నా వచ్చే ఈ ఇబ్బంది అందులో బయటపడే వీలే లేదు.

భాగహారంలో ఒక్కటే చూసుకోండి. 615ను 6తో భాగించమంటే భాగఫలం 12, శేషం 3 అన్న బిడ్డకు ఎక్కాలూ వచ్చు, తీసివేతా వచ్చు. 1లో 6 పోదు కాబట్టి పైన సున్నా వేయాలన్నది రాదు.

సంఖ్యలు గుర్తుపట్టే చోట ఇంకో జాగ్రత్త. ఇంగ్లిష్ మీడియం పిల్లను 'అరవై' ఎక్కడుందో చూపించమంటే 20 మీద వేలు పెట్టొచ్చు. ఇరవై, అరవై చెవికి దగ్గరగా ఉంటాయి, బడిలో వినేదేమో ట్వంటీ, సిక్స్‌టీ. అంకె చూపించి, ఏ భాషలో చెప్పినా తీసుకోండి. 'నూట ఐదు' రాయమంటే 1005 రాసే బిడ్డ చెవికి విన్నది విన్నట్టు రాసింది, అదీ స్థానవిలువ పాఠానికే దారి.

కాబట్టి దీన్ని వాడండి, కానీ ఒంటరిగా కాదు. అర A4 కాగితం మీద మీ చేత్తో ఒక చీటీ రాసి జత చేసుకోండి: నెల–నేల, కొన–కోన, గద–గద్ద, శక్తి, మంత్రి, బట్టీ పట్టడానికి వీల్లేని 'గత్రి' లాంటి ఉత్తుత్తి మాట ఒకటి, పైన చెప్పిన లెక్కలు, రాయడానికి 'ఆవు'. బిడ్డ ఏమందో అన్నట్టే రాసుకోండి, ఇంటు మార్కు పెట్టొద్దు. తప్పు వచ్చిన చోట ఏమీ అనకుండా 'ఇంకోసారి చూడమ్మా' అనండి. తనే సరిచేసుకుంటే అది నోటి పొరపాటు, వదిలేయండి. రెండోసారీ అదే వస్తే పాఠం చెప్పాల్సింది అక్కడ. ఈ రెండింటినీ వేరు చేయాలని భాషాశాస్త్రవేత్త పిట్ కోర్డర్ 1967లోనే రాశాడు.

చదివిందాంట్లో ఏం అర్థమైందో అడిగే ప్రశ్న మెట్ల లెక్కలో లేదు. కథ అయ్యాక రెండు ప్రశ్నలు మీరే అడగండి. నెల తర్వాత మళ్లీ పరీక్షించేటప్పుడు వేరే నమూనా తీయండి. పాతదే ఇస్తే వరసలో వెనక నిలబడి విన్నవాళ్లు కాగితం వైపు చూడకుండానే పేరా అప్పజెప్పేస్తారు.