చెన్నై తెలుగువాళ్లకు హెచ్చరిక: "కిటికీ సీలింగ్ ప్యాకేజీ"కి డబ్బు కట్టే ముందు ఫ్రేమ్ కింది రంధ్రాలు చూసుకోండి

అక్టోబరు దగ్గరపడుతుంటే షోళింగనల్లూరు, నావలూరు, పెరుంబాక్కం వైపు అపార్ట్‌మెంట్లలో లిఫ్టు పక్కన ఒక కాగితం ప్రత్యక్షమవుతుంది. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్), అల్యూమినియం స్లైడింగ్ కిటికీల్లోంచి వాన, గాలి రాకుండా "ఫుల్ సీలింగ్", కిటికీకి ఇంత, పదేళ్ల వారంటీ. ఇద్దరు వస్తారు. సిలికాన్ గన్‌తో ఫ్రేమ్ చుట్టూ, ట్రాక్ మూలల్లో, బయట కింద కనబడ్డ ప్రతి సందులో తెల్లగా పూసేస్తారు. పూట తిరక్కుండా పది కిటికీలు ముగించి డబ్బు తీసుకుని వెళ్లిపోతారు. మొదటి పెద్ద వానకి, అంతకుముందు చెంబెడు నీళ్లు వచ్చిన చోట బకెట్టెడు వస్తాయి. ఫోన్ చేస్తే "కిటికీయే పాతబడింది సార్, మార్చాల్సిందే" అంటారు. అక్కడితో రెండో బేరం మొదలు.

ఎందుకిలా అవుతుందంటే, స్లైడింగ్ కిటికీ నీటిని ఆపే వస్తువు కాదు, వచ్చిన నీటిని బయటికి పంపే వస్తువు. షట్టర్, అంటే పక్కకు జరిగే అద్దం పలక, కదలాలంటే సందు ఉండక తప్పదు. ఆ సందులోంచి ట్రాక్‌లోకి నీరు దిగుతుందని తెలిసే తయారుచేస్తారు. ట్రాక్ అడుగున చిన్న గాడి రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు ఫ్రేమ్‌లోనే ఉండే బోలు గదిలోకి దిగి, ఫ్రేమ్ బయటి ముఖాన ఉన్న ఇంకో వరుస రంధ్రాల్లోంచి పోతుంది. గాలి సూటిగా దూసుకురాకుండా ఈ రెండు వరుసలూ ఎదురెదురుగా కాక కాస్త పక్కపక్కకు ఉంటాయి. పనివాళ్లు వీటిని డ్రైన్ హోల్స్ అంటారు. బయటి రంధ్రం మీద సిలికాన్ పడిందా, ఆ నీటికి మిగిలిన దారి మీ హాలు ఒక్కటే.

అమ్మేవాళ్లు చూపించే "సాక్ష్యం" కూడా ఇక్కడిదే. గాలివానలో ట్రాక్‌లో నీళ్లు కుతకుత ఉడికినట్టు బుడగలొస్తాయి. దాన్ని వీడియో తీసి "చూశారా, కింద నుంచి లీకేజీ" అంటారు. నిజానికి బయటి గాలి డ్రైన్ హోల్ గుండా లోపలికి తోసుకొస్తూ చేసే చప్పుడది. నీరు ట్రాక్ లోపలి గట్టు దాటనంత వరకు కిటికీ తన పని తాను చేస్తోందనే అర్థం. చప్పుడు చిరాకనిపిస్తే బయటి రంధ్రాలకు రెక్క ఉన్న ప్లాస్టిక్ మూతలు దొరుకుతాయి. అవి నీటిని వదులుతాయి, గాలిని చాలావరకు ఆపుతాయి.

ఆ లోపలి గట్టు ఎత్తే అసలు సంగతి, కొనేటప్పుడు ఎవరూ అడగనిదీ అదే. గాలి ఒత్తిడికి ట్రాక్‌లో నీరు నిలువుగా లేస్తుంది. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చి, వర్గం చేసి, 0.6తో గుణిస్తే ఒత్తిడి పాస్కల్స్‌లో వస్తుంది. దాదాపు 10 పాస్కల్స్‌కు 1 మి.మీ. నీరు లేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలికి 17 మి.మీ., 75కి 26 మి.మీ. పైన, 90కి 38 మి.మీ. అన్నమాట. మీ ట్రాక్ లోపలి గట్టు 25 మి.మీ. అయితే, 75 దాటిన గాలి తిన్నగా కొట్టినప్పుడు నీరు పొర్లక మానదు. ఏ సిలికానూ దాన్ని ఆపలేదు. 2016 డిసెంబరు 12న వర్ధా తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో గాలి గంటకు 100 కిలోమీటర్లు దాటింది. ఆ లెక్కకు 46 మి.మీ. పైన గట్టు కావాలి. అలాంటి ఒక్క రోజు కోసం కిటికీలు మార్చుకోమని మేం చెప్పం, పాత తువ్వాళ్లు చాలు. మామూలు ఐప్పసి (తమిళుల అక్టోబరు-నవంబరు నెల) వానకే నీళ్లొస్తున్నాయంటే మాత్రం తప్పు వేరే చోట ఉంది.

"బెంగళూరులో ఇదే కిటికీ వందల ఇళ్లకు వేశాం, ఒక్క కంప్లయింటూ లేదు" అనే మాట కూడా వినిపిస్తుంది. నిజమే కావచ్చు, కానీ ఇక్కడ దాంతో పనిలేదు. భవనాలపై గాలి లెక్కకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో బెంగళూరుకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 33 మీటర్లు, చెన్నైకి 50. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక తేడా ఒకటిన్నర రెట్లు కాదు, దాదాపు 2.3 రెట్లు. పైగా ఇక్కడి వాన ఈశాన్యం నుంచి, సముద్రం మీదుగా, గంటల తరబడి ఒకే వైపు కొడుతుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను చివరికి మన బాపట్ల దగ్గర తీరం దాటినా, దాటేలోపు చెన్నైని ముంచేసిన సంగతి తెలిసిందే. తూర్పు, ఉత్తరం కిటికీలకు ఒక రకం, పడమటి కిటికీలకు ఒక రకం ఎంచుకోవడంలో తప్పులేదు. వాన కొట్టే వైపు తలుపులా తెరుచుకుని గ్యాస్కెట్ (రబ్బరు పట్టీ) మీద గట్టిగా బిగిసే కేస్‌మెంట్ కిటికీ ఉంటే స్లైడింగ్ దానికి ఎప్పుడూ సాటి రాదు.

ఇక సిలికాన్. దానికీ సరైన చోటుంది: ఫ్రేమ్‌కూ గోడకూ మధ్య సందు, అదీ బయటి వైపు. లోపలి వైపు మాత్రమే పూస్తే బయట నుంచి దిగిన నీరు సందులో చిక్కుకుంటుంది, దాన్ని ప్లాస్టర్ తాగేస్తుంది. కొన్నాళ్లకు కిటికీ కింద పెయింట్ పొక్కుతుంది. ఎనిమిదో అంతస్తులో తాడు లేకుండా, షట్టర్లు తీయకుండా ఒకతను బయటి సందు ఎలా పూశాడో ఒక్కసారి ఆలోచించండి. పూయలేదన్నమాట.

సరిగ్గా చేస్తే పని ఇలా ఉంటుంది. సందులోని పాత పుట్టీ, వైట్ సిమెంట్, పాత సిలికాన్ మొత్తం గీకేయాలి, ఎందుకంటే పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు. దుమ్ము బ్రష్‌తో తీసి, గోడ పొడిగా ఉందో లేదో చూడాలి. ముందు రోజు తడిసిన గోడ మీద పూసింది తొక్కలా ఊడొస్తుంది. కనీసం రెండు మూడు రోజులు ఎండ కాశాకే మొదలుపెట్టాలి. సందు 8 మి.మీ. ఉంటే 10 మి.మీ. ఫోమ్ తాడు లోపలికి నొక్కాలి. సిలికాన్ వెనక్కు అంటుకోకుండా ఇటు ఫ్రేమ్‌కు, అటు గోడకు మాత్రమే పట్టుకోవడానికే ఆ తాడు. మూడు వైపులా పట్టుకుంటే ఎండకు ఫ్రేమ్ సాగినప్పుడు చీలిపోతుంది. సిలికాన్ న్యూట్రల్ రకమే కావాలి. పూసేటప్పుడు వెనిగర్ వాసన గుప్పుమంటే అది అసిటిక్ రకం. అది సిమెంటును సరిగ్గా పట్టదు, ఇనుప స్క్రూలను తుప్పు పట్టిస్తుంది, పాలరాయి మీద మరక చేస్తుంది. వాసన వచ్చిన నిమిషంలోనే పని ఆపించండి. ట్యూబు మీద గడువు తేదీ కూడా చూడండి.

ట్యూబుల లెక్క మాత్రం దగ్గరుండి చూసుకోవాలి, మోసం బయటపడేది అక్కడే. 8 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. లోతు సందుకు మీటరుకు 48 మి.లీ. పడుతుంది. నాలుగడుగుల చదరపు కిటికీ చుట్టుకొలత 16 అడుగులు, అంటే 4.9 మీటర్లు. దాదాపు 235 మి.లీ. వృథా కలుపుకుంటే కిటికీకి ఒక 280 మి.లీ. ట్యూబు. పది కిటికీలకు పది ఖాళీ ట్యూబులు మీ గుమ్మం దగ్గర కనబడాలి. మూడు ట్యూబులతో పది కిటికీలు ముగిస్తే అది సీలింగ్ కాదు, పైపూత.

సందులో పసుపు రంగు ఫోమ్ కనబడితే అదే వాటర్‌ప్రూఫింగ్ అంటారు. కాదు. పీయూ ఫోమ్ ఖాళీ నింపడానికే. కోసిన ముఖం నీరు పీలుస్తుంది, ఎండ తగిలితే పొడిపొడిగా రాలిపోతుంది. దాని మీద సీలెంట్ ఉండి తీరాలి.

గాలి, దుమ్ము, ఈల చప్పుడు మీ బాధైతే సిలికాన్‌తో అసలు పనే లేదు. మార్చాల్సింది షట్టర్ గాడిలో ఉండే ఊల్ పైల్, అంటే బొచ్చు పట్టీ. అగరుబత్తి వెలిగించి, ఫ్యాన్ ఆపి, షట్టర్ అంచుల వెంట నెమ్మదిగా తిప్పితే పొగ ఎక్కడ వంగుతుందో అక్కడ పట్టీ అరిగిందని అర్థం. రెండు షట్టర్ల నాలుగడుగుల కిటికీకి, ప్రొఫైల్‌ను (ఫ్రేమ్ కమ్మీ ఆకారాన్ని) బట్టి, 13 నుంచి 15 మీటర్లు పడుతుంది. పాత ముక్క ఒకటి కోసుకుని కొట్టుకు తీసుకెళ్లండి. పట్టీ అడుగుభాగం వెడల్పు, బొచ్చు ఎత్తు రెండూ కలవాలి. ఎత్తు తక్కువైతే ఆనదు. ఎక్కువైతే షట్టర్ బిగుసుకుని, లాగలేక సగం మూసి వదిలేస్తారు, రోలర్లూ పాడవుతాయి. మధ్యలో పల్చటి ప్లాస్టిక్ రేకు ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి, గాలికీ నీటికీ అది మేలు. ఎక్కించేటప్పుడు పట్టీని సాగదీయకూడదు. సాగదీస్తే తర్వాత ముడుచుకుని మూలల్లో ఖాళీ పడుతుంది.

దీనికి షట్టర్ తీయాలి. 5 మి.మీ. అద్దంతో రెండు బై నాలుగు అడుగుల షట్టర్‌లో అద్దమే తొమ్మిది కిలోలుంటుంది, ఫ్రేమ్ బరువు అదనం. ఇద్దరు ఉండాలి, లోపలి వైపుకే దింపాలి. పైన షట్టర్ లేవకుండా ఆపే చిన్న ముక్క ఉంటుంది. దాన్ని విప్పి, పని అయ్యాక మర్చిపోయి వెళ్లడం మామూలే. అది లేకుండా తుపాను గాలికి షట్టర్ ట్రాక్ తప్పితే పడేది కింద నడిచేవాళ్ల మీద. పని అయ్యాక షట్టర్‌ను మీ చేత్తో పైకెత్తి చూడండి, లేవకూడదు.

రెండు షట్టర్లు కలిసే మధ్య గీత, ఇంటర్‌లాక్, దగ్గర పైనా కిందా బొచ్చు పట్టీ తెగిపోయి అగ్గిపెట్టె పట్టేంత ఖాళీ ఉంటుంది. అక్కడ బ్రష్ దిమ్మ ఒకటి పెట్టాలి. ఖరీదు పెద్దగా ఉండదు, అయినా పెట్టరు. సరిగ్గా కిటికీ మధ్యలో నీళ్లు చిమ్ముతున్నాయంటే ముందు దాన్నే అనుమానించండి. యూపీవీసీ అయితే ఆ మధ్య కమ్మీ మీద మంచి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే లోపల ఇనుము లేదు. గాలికి కమ్మీ వంగి ఇంటర్‌లాక్ విడిపోతుంది. దానికి పూత మందు లేదు, అమ్మినవాడే జవాబు చెప్పాలి.

నీరు ఫ్రేమ్ పైనుంచి కారుతుంటే తప్పు కిటికీది కాకపోవచ్చు. సజ్జ గోడను కలిసే చోట పగులో, సజ్జ అంచు కింద నీరు తెగిపడే గాడి లేకపోవడమో చూడాలి, అది తాపీ మేస్త్రి పని. ట్రాక్ అడుగున స్క్రూలు నేరుగా గోడలోకి దించేసి ఉంటే, ఆ బెజ్జాల్లోంచి నీరు గోడలోకి దిగి కింద చెమ్మగా బయటపడుతుంది. ఆ స్క్రూ తలల మీద మాత్రం సిలికాన్ పెట్టించండి.

కొత్త ఫ్లాట్ అయితే ఎవరి చేతా ఏమీ పూయించకండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు పనితనంలో లోపం బయటపడి మీరు తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. ముందే వేరొకరితో సిలికాన్ కొట్టిస్తే "మా పనిని మీరే చెడగొట్టారు" అనడానికి అతనికి అవకాశం ఇచ్చినట్టే. తేదీతో ఫోటోలు, ట్రాక్‌లో నీరు నిలిచిన వీడియో తీసి ఈమెయిల్ పంపండి. బయటి సీలింగ్‌వాళ్ల చేతిలో ఇప్పటికే మోసపోయినవాళ్లు 1915కి ఫోన్ చేయొచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. వీటన్నిటికీ బిల్లు కావాలి. "బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అన్న మాటకు లొంగకండి. బిల్లులో సిలికాన్ రకం, ట్యూబుల సంఖ్య, ఊల్ పైల్ మీటర్లు రాయించండి. వారంటీ కాగితంలో భారీ వర్షానికి వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటే, ఇక అది దేనికి వర్తిస్తుందో వాళ్లనే అడగండి.

నాలుగో వంతు డబ్బు నీటి పరీక్ష అయ్యాకే ఇస్తామని ముందే చెప్పండి. మొదట ట్రాక్‌లో ఒక మగ్గు, లీటరు నీళ్లు పోయాలి. నిమిషం రెండు నిమిషాల్లో బయటికి పోవాలి. తర్వాత, సిలికాన్ ఆరడానికి రెండు రోజులిచ్చి, బయటి నుంచి పైపుతో నీళ్లు కొట్టాలి. కింది అంచు దగ్గర మొదలుపెట్టి ఒక్కో చోట ఐదేసి నిమిషాలు, ఆపైన పక్కలు, చివరికి పైభాగం. పైనుంచి మొదలుపెడితే నీరు అంతటా పారి ఎక్కడి నుంచి వచ్చిందో తేలదు.

గాలివాన కొడుతున్నప్పుడు వంటింటి ఎగ్జాస్ట్, చిమ్నీ ఆపేయండి, ఎదురు వైపు కిటికీలూ మూసేయండి. అవి ఇంట్లో ఒత్తిడిని తగ్గించి నీటిని ఇంకాస్త లోపలికి లాగుతాయి.

ఇప్పటికే సీల్ చేయించుకున్నవాళ్లు ఈ వారమే ఆ మగ్గు నీళ్ల పరీక్ష చేయండి. నీరు కదలకపోతే బయటి రంధ్రాల మీది సిలికాన్‌ను ప్లాస్టిక్ గీకుడు ముక్కతో తీసి, సన్నని పుల్లతో లోపలి చెత్త లాగి, మళ్లీ పోసి చూడండి. చేయి అందకపోతే బయటికి వంగొద్దు, షట్టర్ తీయగలిగిన మనిషిని పిలిపించండి. డ్రిల్లింగ్ మెషీన్‌తో కొత్త బెజ్జం పెడతానంటే ఒప్పుకోకండి. బిట్ పొరపాటున లోపలి గది దాటి ఇనుము ఉన్న గదిలోకి దిగితే, నీరు అక్కడే నిలిచి లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది.