పెద్ద భాషల పోలికా, పక్కపక్క మాండలికాల పోలికా?

లాటిన్ నుంచి పుట్టిన రొమాన్స్ భాషల వాక్యనిర్మాణం చదివేవాళ్లు చాలామంది ఫ్రెంచ్, ఇటాలియన్‌లతో మొదలుపెడతారు. ఇటాలియన్‌లో "నేను మాట్లాడతాను" అనడానికి "పార్లో" అంటే చాలు. ఫ్రెంచ్‌లో ముందు "జ" (నేను) అనే కర్త ఉండాల్సిందే. తేడా స్పష్టమే. కానీ ఆ రెండు భాషల మధ్య ఇంకా ఎన్నో తేడాలున్నాయి, దేనివల్ల ఏది వచ్చిందో తేల్చలేం.

అందుకే నా మొగ్గు ఉత్తర ఇటలీ మాండలికాల వైపు. వెనిస్‌లో "నువ్వు మాట్లాడతావు" అనడానికి "తి పార్లి" అంటారు, ఆ "తి" తప్పనిసరి. "నేను" విషయంలో మాత్రం "పార్లో" ఒక్కటే సరిపోతుంది. ఒకే మాండలికంలో పురుషను బట్టి నియమం మారుతోంది, ఎంత బాగుందో! పక్క ఊళ్ల వ్యాకరణాలు చాలావరకు కలుస్తాయి కాబట్టి కారణం చిక్కే అవకాశం ఎక్కువ. శ్రమా ఎక్కువే: ఊరూరా తిరగాలి, పెద్దవాళ్లను ఓపిగ్గా అడగాలి.