సంఘ జీవితానికి తోడుగా రిఫరెన్సు బైబిలు

సంఘంలో పవిత్రంగా, నమ్మకంగా నడుచుకోవాలనుకునే విశ్వాసికి తెలుగు రిఫరెన్సు బైబిలు (ఒక వచనానికి సంబంధించిన ఇతర వచనాల సూచనలు కూడా ఇచ్చే బైబిలు) ఎంత ఉపయోగపడుతుందో తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక చదివేటప్పుడు బాగా తెలుస్తుంది. సంఘ పెద్దలపై వచ్చిన ఫిర్యాదును ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే అంగీకరించాలని 5:19లో పౌలు చెప్పిన నియమం దగ్గరున్న సూచన మనల్ని ద్వితీయోపదేశకాండము 19:15కు, అక్కడి నుంచి మత్తయి 18:16కు తీసుకువెళ్తుంది. పుకార్లతో చీలిపోయే సంఘాలు ముందుగా చదవవలసిన పేజీలివే. యువతులను అక్కచెల్లెళ్లుగా చూడాలన్న 5:2, ధనాపేక్షను ఖండించే 6:10 కూడా నిత్యజీవితానికి సంబంధించినవే. అట్ట గట్టిగానే ఉంది. అక్షరాలు మాత్రం మరీ చిన్నవి కావడంతో సాయంకాల కూడికల్లో వృద్ధులకు సూచనలు కనిపించవు. వారికి పెద్దక్షరాల ప్రతి కొనివ్వడమే మంచిది. పాత గ్రాంథిక భాష కొత్త విశ్వాసులకు కొంత కష్టమైనా, మా ఆరాధనలో అందరూ కలిసి చదివేది అదే కనుక నేను దీన్నే సిఫారసు చేస్తాను.