జాగ్రత్త: "ఎక్స్ఛేంజ్ సెమిస్టర్" అంటూ అడ్వాన్స్ అడిగితే ముందు మీ కాలేజీకి వెళ్లి కనుక్కోండి

పిల్లల్ని ఒక సెమిస్టర్ బయటి దేశానికి పంపుదామనుకుంటున్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. మేం విజయవాడలో ఒక కన్సల్టెన్సీకి లక్షా ఎనభై వేలు, ఫ్రాన్స్‌లో ఒక ప్రైవేటు కాలేజీకి వెయ్యి యూరోల డిపాజిట్ కట్టాం. మావాడు వెళ్లలేదు. డబ్బు కూడా ఇంకా చేతికి రాలేదు. పేర్లు రాయను, విషయం మాత్రం దాచకుండా చెప్తాను.

మావాడు బీటెక్ మూడో ఏడాది. 3-2 సెమిస్టర్ ఫ్రాన్స్‌లో చదివొస్తానని పట్టుబట్టాడు. కన్సల్టెన్సీలో ఉన్న అబ్బాయి, మావాడికంటే నాలుగేళ్లు పెద్ద ఉంటాడేమో, "ఎరాస్మస్ లాంటిదే ఆంటీ, అయిదు నెలలు వెళ్లొస్తాడు, క్రెడిట్లు ఇక్కడ కలిపేస్తారు" అన్నాడు. ఎరాస్మస్ అంటే యూరోపియన్ యూనియన్ నడిపే విద్యార్థుల ఎక్స్ఛేంజ్ పథకం. "లాంటిదే" అన్నప్పుడే నేను ఆగాల్సింది. అడ్మిషన్ లెటర్ వచ్చింది, లోగో ఉంది, సంతకం ఉంది. మా వారు స్వీట్లు కూడా పంచేశారు.

తర్వాత లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒక కాగితం తెచ్చి మావాడి చేత సంతకం పెట్టించారు. అక్కడ చదివే సబ్జెక్టులు, వాటికి 30 ఈసీటీఎస్ (యూరప్ కాలేజీల లెక్క) క్రెడిట్లు, ఇక్కడ వాటి బదులు ఏ సబ్జెక్టులు పోతాయో అన్నీ అందులో ఉంటాయి. కింద మూడు గడులు: విద్యార్థి, అక్కడి కాలేజీ, ఇక్కడి కాలేజీ. మూడోది ఖాళీ. అడిగితే "అది ఫార్మాలిటీ ఆంటీ, వీసా వచ్చాక చూసుకుందాం" అన్నాడు. నాకు ఒళ్లు మండేది ఇప్పుడు. అప్పుడు మాత్రం తల ఊపాను.

ఫైల్లో పెట్టడానికి బోనఫైడ్ కావాలన్నారని కాలేజీకి వెళ్లాను. అక్కడ ఇంటర్నేషనల్ రిలేషన్స్ అని ఒక చిన్న గది, బీరువా పక్కన ఒక సార్. ఏ కాలేజీకి వెళ్తున్నాడని అడిగి, పేరు చెప్పగానే ఒక బాక్సు ఫైలు తీశారు. వేలు పెట్టి ఒక్కో లైనూ చూసి, "అమ్మా, ఫ్రాన్స్‌లో మనకి ఒప్పందం ఉన్నవి రెండే. ఇది వాటిల్లో లేదు. మేం ఎవర్నీ నామినేట్ చేయలేదు" అన్నారు. నామినేషన్ అనే మాట నేను మొదటిసారి విన్నది అక్కడే.

సార్ చెప్పింది ఇదీ. ఎక్స్ఛేంజ్ అంటే రెండు కాలేజీల మధ్య ఒప్పందం. పిల్లవాడు ఫీజు ఇక్కడే కడతాడు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. ముందు మన కాలేజీ ఎంపిక చేసి పేరు పంపాలి, ఆ తర్వాతే వాళ్లు పిల్లవాడికి రాస్తారు. ఎరాస్మస్ ప్లస్ కింద వెళ్లినా దారి ఇదే, కన్సల్టెన్సీలో అమ్మే సరుకు కాదది. ఇంటికొచ్చి లెటర్ రెండో పేజీ చదివితే ఉంది, డిగ్రీ ఇవ్వని కోర్సు, ఫీజు కట్టి చదివే విద్యార్థి, ట్యూషన్ 5,800 యూరోలు అని. దాన్నే మేం "ఎక్స్ఛేంజ్ ఫీజు" అనుకున్నాం. ఇంకో గుర్తు కూడా మా కళ్ల ముందే ఉంది. ఖర్చుల లిస్టులో సీవీఈసీ రాశారు. ఫ్రాన్స్‌లో చదివే విద్యార్థులు ఏటా కట్టే వంద యూరోల పైచిలుకు రుసుము అది. ఒప్పందం మీద వెళ్లే ఎక్స్ఛేంజ్ పిల్లలకి అది ఉండదట.

అసలు దెబ్బ డబ్బు కాదు, అటెండెన్స్. ఇక్కడ 75 శాతం ఉండాలి, 65కి తగ్గకపోతే కాండొనేషన్ అని ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. కాలేజీ రాసివ్వకుండా జనవరి నుంచి మే దాకా వాడు ఫ్రాన్స్‌లో ఉంటే డిటెయిన్ అయ్యేవాడు, మళ్లీ ఏడాది జూనియర్లతో కలిసి 3-2 చదవాలి. అక్కడి మార్కులు ఇక్కడ ఎవరూ కలపరు.

డబ్బులు వెనక్కి అడిగితే మొదలైంది భాగోతం. రసీదు మీద చిన్న అక్షరాల్లో "కౌన్సెలింగ్ ఛార్జీలు, తిరిగి ఇవ్వబడవు" అని ఉందన్నారు. డిపాజిట్ సంగతి అక్కడి కాలేజీకి నేనే మెయిల్ పెట్టాను. వీసా రిజెక్ట్ అయితేనే ఇస్తాం, కాగితం పంపండి అన్నారు. అప్పుడు కన్సల్టెన్సీవాళ్లు ఇచ్చిన సలహా వినండి: "అప్లై చేయించేద్దాం ఆంటీ, ఫైలు కొంచెం వీక్‌గా పెడితే రిజెక్ట్ అవుతుంది, మీ వెయ్యి యూరోలు మీకొస్తాయి." రేపు ఏ దేశానికి వీసా పెట్టినా ఇదివరకు రిజెక్ట్ అయ్యిందా అని అడుగుతారు కదా! వద్దన్నాం.

బ్యాంకు బ్యాలెన్సు సంగతీ అంతే. ఎనిమిది లక్షలు మేమే చూపిస్తాం, కమీషన్ ఇవ్వండి అన్నారు. ఫ్రాన్స్ వీసాకి ఖర్చుల కింద చూపించాల్సింది నెలకి 615 యూరోలు, అయిదు నెలలకి 3,075. మాకు ఉన్న డబ్బుతోనే సరిపోయేది. వీళ్ల మాట విని దొంగ స్టేట్‌మెంట్ పెడితే రేపు పట్టుబడేది మావాడు. అమెరికాలో 2011లో ట్రై-వ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీల కేసుల్లో ఇరుక్కున్న మన పిల్లల సంగతి మా వారికి బాగా గుర్తు, ఆయనే లేచి బయటికొచ్చేశారు.

టెన్త్, ఇంటర్ మెమోలు ఒరిజినల్స్ వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. మూడు సార్లు తిరిగితే ఇచ్చారు. దయచేసి ఎవరికీ ఒరిజినల్స్ వదిలిపెట్టకండి, జిరాక్సులు చాలు.

ఫీజు కట్టి ఒక సెమిస్టర్ బయట చదవడం తప్పేమీ కాదు. డబ్బుండి, కాలేజీ ముందే ఒప్పుకుని రాసిస్తే హాయిగా వెళ్లొచ్చు. మాకు దాన్ని వేరే పేరుతో అమ్మారు, అదీ నా బాధ.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, ఫలితం లేదు. ఇప్పుడు ఈ-జాగృతి వెబ్‌సైట్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వేశాను. అయిదు లక్షల లోపు దానికి రుసుము లేదు, లాయర్ లేకపోయినా వేసుకోవచ్చు, రెండేళ్లలోపు వేయాలి. వాట్సాప్ మెసేజీలు అన్నీ ఉంచుకున్నాను కాబట్టి "ఎక్స్ఛేంజ్" అన్న మాట వాళ్ల చేత్తో రాసిందే సాక్ష్యంగా పెట్టగలిగాను. మీరు కూడా నోటిమాటతో వదలకండి, మెసేజ్‌లో రాయించుకోండి.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లుంటే ఈ రాత్రికే లెటర్ రెండో పేజీ తీసి చదవండి. రేపు పొద్దున మీ కాలేజీకి వెళ్లి, మావాడిని మీరు నామినేట్ చేశారా అని అడగండి.